జేబు ఖర్చు

పందిరి కింద పాట ఆగకూడదు. చక్రపాణి దొర ద్రాక్షతోటలో అది నియమం. గుత్తులు కోసే పిల్లలు కోస్తున్నంతసేపూ గొంతెత్తి పాడుతూనే ఉండాలి. పాడే నోరు పండు తినలేదు. దిల్‌సుఖ్‌నగర్ దాటి కొత్తపేట మీదుగా విజయవాడ వెళ్లే బస్సుల్లోని వాళ్లకు రోడ్డు పక్కనుంచి ఆ పాట వినిపించేది. పిల్లలు ఎంత ఉల్లాసంగా ఉన్నారో అని వాళ్లు అనుకునేవారు.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిది మార్చి నెల. ప్రత్యేక తెలంగాణ కోసం విద్యార్థులు వీధుల్లోకి వచ్చి రెండు నెలలు దాటింది. బడులు మూతపడ్డాయి. ఏళ్లుగా కోతకు వస్తున్న పిల్లలకు తోడు, బడి లేని పిల్లలను కూడా తల్లులు తమ వెంట తోటకు తెచ్చారు. దొర కాదనలేదు. పండు మీది తెల్లని పొడి చెదరకుండా కాడ దగ్గర కత్తిరించాలంటే పెద్దవాళ్ల మొరటు వేళ్లకంటే పిల్లల వేళ్లే మేలు.

ఆ వారం రెండు రోజులు మబ్బు పట్టింది. పురుగు పడుతుందన్న భయంతో దొర ఎండ్రిన్ మందు కొట్టించాడు. మధ్యాహ్నానికి బొంబాయి లారీ వస్తుంది కనుక కోత ఆపనివ్వలేదు. ఒక వరుసలో మందు కొడుతున్నారు. పక్క వరుసలో పిల్లలు కోస్తున్నారు.

పదకొండేళ్ల సలోమి పాట ఆపింది.

"పాడవే సలోమీ, వెంకట్రావొస్తుండు" అన్నది అవతలి సాలులో ఉన్న కిష్టమ్మ. సలోమి పాడలేదు. కత్తెర చేతిలోంచి జారింది. పెదవులు బిగుసుకుని ఉన్నాయి.

వెంకట్రావు తోట మేస్త్రీ. తెనాలి వైపు నుంచి వచ్చి పదేళ్లయింది. పాటలో ఒక గొంతు తగ్గినా అతని చెవి కనిపెట్టేది. "ఏవే, ఎన్ని కుక్కావు నోట్లో? ఊసెయ్" అంటూ బెత్తంతో భుజం మీద కొట్టాడు. రెండో దెబ్బ మూతి మీద పడింది. పిల్ల పడిపోయింది. నటిస్తున్నదనుకుని అతడు మూడోసారి కొట్టాడు. అప్పుడు ఆమె కాళ్లు రెండూ నేలను తన్నడం మొదలుపెట్టాయి. పెదవుల సందునుంచి నురగ వచ్చింది. నోట్లో పండు లేదు.

కిష్టమ్మ పాడుతూనే చూసింది. ఆపడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. దొర వచ్చాడు, వంగి చూశాడు, నిలబడి రెండు మాటలు చెప్పాడు. వెంకట్రావు సలోమి లంగా ఒడిలో రెండు గుత్తులు కుక్కి, రెక్క పట్టుకుని ముళ్లకంప దాకా ఈడ్చుకుపోయాడు. కంప దగ్గరికి చేరేసరికి ఆ కాళ్లు తన్నడం మానేశాయి.

*

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. అది 'జేబు ఖర్చు'.

మూడేళ్ల కిందట లేబర్ ఇనస్పెక్టరు ఒకాయన తోటలోని ప్యాకింగ్ షెడ్డును చూడడానికి వచ్చాడు. షెడ్డుకు ఫ్యాక్టరీ చట్టం వర్తిస్తుంది. పద్నాలుగేళ్లు నిండని పిల్లలకు అందులో పని చెప్పకూడదు. ఆయన రావడానికి ముందురోజు సాయంత్రం దొర తల్లులందరినీ కూర్చోబెట్టాడు.

"పిల్లలతోని పని చేయిస్తున్నరని తెలిస్తే తల్లులకు జైలు. మీ మంచికే చెప్తున్న. ఆఫీసర్ అడిగితె ఏమనాలె? పిల్లలు ఆడుకుంటానికి వస్తరు. దొర ప్రేమతోని జేబు ఖర్చు ఇస్తడు. ఏదీ, అందరనుండ్రి."

అందరూ అన్నారు. రెండోసారి అన్నారు. ఆ తర్వాత ఏ టోపీ కనిపించినా, ఏ జీపు ఆగినా తల్లుల నోట అదే మాట వచ్చేది. ఆ పిల్లల్లో ఒక్కరి బట్టకు కూడా జేబు లేదు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పాడిన అర్ధరూపాయి తల్లి కొంగుముడిలోకి పోయేది, అక్కడినుంచి జొన్నలలోకి.

సలోమి శవం పక్కన ఎస్సై పంచనామాకు కూర్చున్నప్పుడు తల్లి ఎస్తేరమ్మ ఎదురుగా నేలమీద ఉంది. భర్త లేని మనిషి. చంకలో రెండేళ్ల కొడుకు.

"నీ బిడ్డకు దొర కూలి ఇస్తుండెనా?" అని ఎస్సై అడిగాడు.

ఆమె బిడ్డ ముఖంకేసి చూస్తూనే ఉంది. నోరు మాత్రం దానంతట అది జవాబు చెప్పింది. "లేదు సార్. జేబు ఖర్చు."

"అంటే పని చేస్తలేదు."

"లేదు సార్. ఆడుకుంటానికి వస్తది."

"తోట దొరది. పని లేదు. మరి లోపల ఏం చేస్తున్నది?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఎస్సై శవం ఒడిలోని రెండు గుత్తులను బెత్తం కొసతో కదిపి చూశాడు. తర్వాత రాశాడు: దొంగతనంగా తోటలో చొరబడి, మందు కొట్టిన పండ్లు తిని మరణించింది. ఎస్తేరమ్మ దానికింద వేలిముద్ర వేసింది.

*

మట్టి చేసి వచ్చాక, రేకుల ప్రార్థనా మందిరంలో బస్తీ అంతా కూడింది. ప్రార్థన ఎవరూ మొదలుపెట్టలేదు. కిష్టమ్మ లేచి, చూసినదంతా ఒక్క గుక్కలో చెప్పింది.

"ఎందుకట్లన్నవక్కా?" అని ఎస్తేరమ్మను అడిగింది కిష్టమ్మ తల్లి అండాలమ్మ. నల్లగొండ పల్లెనుంచి బతకడానికి వచ్చిన మనిషి. తోటలో ఆమె నోటికి వెంకట్రావు కూడా జంకేవాడు. "ఆడుకుంటానికి వచ్చిందని ఎందుకన్నవు?"

"నన్ను జైల్ల ఏస్తే గీ చిన్నోనికి దిక్కెవరే? గదే మనసుల ఉండె. మూడేండ్ల సంది చెప్పిన మాట, నోట్లకెల్లి అదే వచ్చింది. నా నోటితోనే నా బిడ్డను దొంగను చేసిన" అన్నది ఎస్తేరమ్మ. కొంతసేపటికి మళ్లీ అన్నది. "నాకు పైసలొద్దు. గా కాయిదంల దొంగ అన్న మాట పోవాలె. పని చేసుకుంట సచ్చిందని రాయాలె. గంతే."

మీర్‌పేట్ నుంచి సైకిల్ మీద వచ్చిన సీతారాములు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. బీఎస్సీ రెండో ఏడు. ఉద్యమంలో తిన్న లాఠీ దెబ్బకు వాచిన చేతికి కట్టు ఉంది. "ఆంధ్రోడు మన పిల్లను కొట్టి సంపిండు. ఇంకేం సోచాయిస్తరు? రేపు వాని ఇల్లు తగలబెట్టాలె" అన్నాడు.

"వెంకట్రావు ఇల్లా? ఆ కొట్టం గూడ దొరదే తమ్మీ, కాల్చినా నష్టం వానిది గాదు" అన్నది అండాలమ్మ. ఆ దుఃఖంలోనూ ఒకరిద్దరు నవ్వారు. "మందు కొట్టుమన్నదెవలు? కోత ఆపొద్దన్నదెవలు? ఒడిల గుత్తులు పెట్టుమన్నదెవలు? కట్టె తెనాలిది. పట్టిన చెయ్యి మన దొరది. నీకు కట్టెనే కానొస్తుందా?"

సీతారాములు ముఖం ఎర్రబడింది.

సంఘపెద్ద కొమరయ్య గొంతు సవరించుకున్నాడు. "గుడిసెలు దొర జాగల ఉన్నయి. నీళ్లు దొర బోరుయి. సచ్చిన పిల్ల ఎట్లా తిరిగి రాదు. పైనుంచి తల్లులు జైలుకు పోతే పిల్లలను ఎవలు సాకాలె?"

"ఏ జైలు?" అన్నాడు సీతారాములు. "మా అన్న మిల్లు యూనియన్ల ఉన్నడు. ఆ చట్టం నేను సదివిన. పిల్లలతోని పని చేయించుకున్న మాలిక్‌ను పడ్తది గని తల్లిని గాదు. మీకు ఎవలు చెప్పిన్రు?"

ఎవరు చెప్పారో అందరికీ తెలుసు. మూడేళ్లుగా ఆ తల్లులు భయపడ్డది తమ పిల్లలకోసం రాసిన చట్టానికి. దొర ఆ చట్టాన్ని కుక్కను తిప్పినట్టు తిప్పి వాళ్లమీదికే ఉసికొలిపాడు.

"మాకు పని వద్దంటే మా అర్ధరూపాయి ఎవలిస్తరు?" అని కిష్టమ్మ అడిగింది. అది చిన్నపిల్ల ప్రశ్న కాదు. అక్కడ కూర్చున్న ప్రతి తల్లి గుండెల్లోనూ ఉన్నదే.

"నాకిచ్చేది రూపాయి పావలా. నీకిచ్చేది నాకు తగ్గించిందే బిడ్డా" అన్నది అండాలమ్మ. "నాకు పూర కూలి పడితే నిన్ను పందిరి కిందికి ఎందుకు తెస్త? వాడు మన ఇద్దరిని ఒక్క మనిషి పైసలకు కొంటున్నడు. పైనుంచి ప్రేమ అంటడు."

రెండు మాటలు తేలాయి. సలోమి పని చేస్తూ చనిపోయిందని దొర ఎస్సై ముందు ఒప్పుకోవాలి. ఆడవాళ్లకు పూర్తి కూలి ఇచ్చి పిల్లలను పందిరి కిందినుంచి పంపాలి. ఎట్లా ఒప్పించాలన్న దగ్గర వాదన ముడిపడింది. గేటు ముందు కూర్చోవాలని ఒకరు, లారీ ఆపాలని ఒకరు అన్నారు. కిష్టమ్మ మళ్లీ లేచింది.

"అందరం లోపటికి పోదం. పాడొద్దు."

*

మర్నాడు పందిరి కింద డెబ్బై మంది పిల్లలు నిలబడ్డారు. చేతుల్లో కత్తెరలు ఉన్నాయి. ఒక్క గుత్తీ తెగలేదు, ఒక్క గొంతూ లేవలేదు. ఆ తోటలో అంత నిశ్శబ్దం అంతకుముందెన్నడూ లేదు. పందిరి తీగలమీద పిచ్చుకలు నడిచే చప్పుడు కూడా వినిపించింది.

"పాడండర్రా" అన్నాడు వెంకట్రావు. మళ్లీ అన్నాడు. వరుసల మధ్య పరుగెత్తాడు, నలుగురిని కొట్టాడు. కొట్టిన పిల్లలు ఏడవలేదు. ఏడిస్తే అదీ గొంతే కదా అని వాళ్లు రాత్రే అనుకున్నారు. అతని చెయ్యి ఆగింది. ఒక పిల్ల మూతినుంచి నెత్తురు కారుతుంటే చూసి, బెత్తం కిందికి దించాడు.

దొర షెడ్డు వెనకనుంచి ఆరుగురు పహిల్వాన్లను రప్పించాడు. వాళ్ల చేతుల్లో సైకిల్ చెయిన్లు. మొదటి దెబ్బ ఎనిమిదేళ్ల పిల్లవాడి చెవిని చీల్చింది. రెండోది ఒక పిల్ల వీపుమీద చర్మాన్ని లేపింది. షెడ్డులోని ఆడవాళ్లు గంపలు పారేసి వచ్చారు. అండాలమ్మ చెయిన్ను వట్టి చేత్తో పట్టుకుంది. అరచేయి ఎముక దాకా తెగినా వదలలేదు. "గుంజు, గుంజరా, నీ తల్లి పాలు ఎంతున్నయో చూస్త" అన్నది. ఎస్తేరమ్మ మట్టిగడ్డతో ఒకడి ముక్కు పగలగొట్టింది. కత్తెర ఒకటి మరొకడి తొడలో దిగింది. ఆరుగురూ కంప దూకి పారిపోయారు. ఎనిమిది మంది పిల్లలను ఉస్మానియా దవాఖానకు రిక్షాల్లో తీసుకుపోయారు.

బొంబాయి లారీ ఖాళీగా వెళ్లింది.

చక్రపాణి దొర పిల్లలకు భయపడే మనిషి కాదు. కాలాన్ని చదవగలిగినవాడు. మర్నాటి పొద్దుటికి తోట గేటుకు 'జై తెలంగాణ' అని రాసిన గుడ్డ వేలాడింది. దిల్‌సుఖ్‌నగర్ హోటళ్లలో అతని మనుషులు ఒక మాట చల్లారు: ఆంధ్ర మేస్త్రీ తెలంగాణ పిల్లను కొట్టి చంపాడు, పైగా నిన్న ఎనిమిది మందిని చీల్చాడు. అదే నోటితో అతడు పోలీసులకూ కబురంపాడు: ఉద్యమం పేరుతో అల్లరి మూకలు తోటమీదికి వస్తున్నాయి.

మధ్యాహ్నానికి మూడు వందల మంది వచ్చారు. రాళ్లు, కిరోసిన్ డబ్బాలు. వెంకట్రావు కొట్టం అంటుకుంది. అతడు వెనక గోడ దూకి, కాలు విరిగి, పాక్కుంటూ బస్తీలోకి వచ్చి పడ్డాడు. పడ్డది ఎస్తేరమ్మ గుడిసె ముందు. అది ఎవరి గుడిసెనో అతనికి తెలియదు.

ఆమె బయటికి వచ్చింది. అతన్ని చూసింది. వెనక గుంపు అరుపులు సందు మలుపు దాకా వచ్చాయి. ఆమె అతని చొక్కా పట్టుకుని లోపలికి ఈడ్చి, తాను తలుపుకు అడ్డంగా నిలబడింది.

గుంపు ముందు సీతారాములున్నాడు. "అక్కా, జరుగు. నీ బిడ్డను సంపినోడు వాడు."

"నాకు ఎర్కలేదా?"

"మరి అడ్డమెందుకుంటున్నవ్?"

"వాడు సస్తే నా బిడ్డ దొంగనే. చూసింది వాడు, ఒడిల పండ్లు పెట్టింది వాడు. పెట్టుమన్నదెవలో వానికే ఎర్క. వాని పాణం మీకు కావాలె. నాకు వాని నోరు కావాలె."

ఎవరో రాయి విసిరారు. అది ఆమె కణతకు తగిలింది. అండాలమ్మ, ఆమె వెనక మరో ఇరవై మంది ఆడవాళ్లు వచ్చి తలుపు చుట్టూ నిలబడ్డారు. అండాలమ్మ చేతి కట్టు ఇంకా తడిగా ఉంది. "కొట్టుండ్రి నాయినా. నిన్న దొర కొట్టిండు, ఇయ్యాల మీరు. మీ జెండా రంగు వేరనుకుంటిమి" అన్నది.

సీతారాములు వెనక్కి తిరిగి చేతులెత్తాడు. గుంపు ఆగింది. ఎస్తేరమ్మ నెత్తురు తుడుచుకోకుండానే గుడిసెలోకి వంగి వెంకట్రావును వెలుతురులోకి లాగింది.

"చెప్పు. నా బిడ్డ తోటల ఏం చేస్తుండె?"

"గుత్తులు కోస్తోందమ్మా" అన్నాడతడు. "మందు కొట్టేటప్పుడు పిల్లల్ని బయటికి పంపుదామన్నానండి. లారీ వస్తుంది, వీల్లేదన్నారు దొరగారు. పిల్ల పాట ఆపింది. తింటోందనుకుని కొట్టాను. నేనే కొట్టాను. పళ్లు ఒళ్లో పెట్టమన్నారు, పెట్టాను."

"మల్లొక్కసారి చెప్పు. వెనకోళ్లకు ఇనబడలె."

అతడు మళ్లీ చెప్పాడు. మూడు వందల మంది విన్నారు. కొట్టమని అంతకుముందు అరిచిన గొంతులు, ఇప్పుడు తోట ఎటు అని అడిగాయి. ఎస్తేరమ్మ అతని చెంపమీద ఒక్కటి కొట్టింది, శక్తి కొద్దీ. తర్వాత అతని విరిగిన కాలికి కర్ర కట్టమని ఆడవాళ్లకు చెప్పింది.

గేటు గుడ్డను సీతారాములే పీకేశాడు. విద్యార్థులూ, కూలీలూ కలిసి తోటలోకి వెళ్లారు. రాతి స్తంభాలకు తాళ్లు కట్టి గుంజారు. నూరు గజాల పందిరి ఒక్కసారిగా నేలకూలింది; పక్వమైన పండు కాళ్లకింద చితికి మోకాళ్ల దాకా రసం చిమ్మింది.

అప్పటికే ఎల్‌బీ నగర్ వైపు, ప్లాట్ల హద్దురాళ్లు పాతిన మైదానంలో, పోలీసు వ్యాన్లు కాచుకుని ఉన్నాయి. హెచ్చరిక చెప్పామని తర్వాత అన్నారు. ఎవరూ వినలేదు. తుపాకులు గుంపు మీదికి సూటిగా పేలాయి. అండాలమ్మ కూలిన తీగలమీద వెల్లకిలా పడింది. గుండు మెడలోంచి పోయింది. చివరిదాకా ఆమె నోరు కదిలింది. ఏమన్నదో కిష్టమ్మకు కూడా వినపడలేదు. సీతారాములును నలుగురు పోలీసులు కిందపడేసి దవడ విరిగేదాకా కొట్టారు. తల్లి చేతిని వదలని కిష్టమ్మను జుట్టు పట్టి లేపి వ్యాన్‌లో వేశారు.

వెంకట్రావును కూడా పోలీసులే తీసుకుపోయారు, రక్షణకోసమని. సాయంత్రానికి దొర జీపులో అతన్ని విజయవాడ దిక్కుగా పంపేశారని తెలిసింది. ఎస్తేరమ్మ కాపాడుకున్న ఆ ఒక్క నోరు అబ్దుల్లాపూర్‌మెట్ దాటిపోయింది.

*

స్టేషన్ ముందు బస్తీ అంతా నిలబడి ఉంది. లోపల రైటరు అరెస్టయినవాళ్ల పేర్లు రాస్తున్నాడు. కిటికీ చువ్వలు పట్టుకుని ఎస్తేరమ్మ చూస్తోంది.

"పేరు?"

"కిష్టమ్మ."

"వయసు?"

"పన్నెండు."

రైటరు ఎస్సైకేసి చూశాడు. "పద్దెనిమిది రాయి" అన్నాడు ఎస్సై. "దొమ్మీ, దహనం, పోలీసుల మీద దాడి. పన్నెండేండ్ల పిల్ల చేసిందంటే కోర్టుల నవ్వుతరు."

"ఏం పని చేస్తవు?" అని రైటరు అడిగాడు.

కిష్టమ్మ ముఖంమీద తల్లి నెత్తురు ఎండిపోయి ఉంది. ఆమె కిటికీకేసి చూసింది. ఎస్తేరమ్మ తల ఊపింది.

"కూలి. చక్రపాణి దొర తోటల. ఐదేండ్ల సంది."

రైటరు చెయ్యి అలవాటుగా రాసుకుపోయింది. పద్దెనిమిదిలోంచి ఐదు తీసినా పదమూడే; పిల్లల కూలి పోలీసు పుస్తకంలోకి ఎక్కిందని, రాశాక గాని ఎస్సైకి అర్థం కాలేదు. "కూలి అన్నది కొట్టెయ్" అన్నాడు.

"నంబరేసిన పేజీ సార్, చింపరాదు. కొట్టేస్తే మీరు సంతకం పెట్టాలె."

"పని లేదని రాయి."

"పద్దెనిమిదేండ్ల మనిషి సార్, పని లేదంటె కోర్టు నమ్మది" అన్నాడు రైటరు.

మూలలో పడి ఉన్న సీతారాములు విరిగిన దవడతో ఏదో శబ్దం చేశాడు. నవ్వు కావచ్చు. అతడు గోడ పట్టుకుని లేచి, చూపుడు వేలితో ఆ పుస్తకాన్ని, తర్వాత కిటికీ బయటి పిల్లలను చూపించాడు. పిల్లల పేర్లన్నీ కూలి అని ఆ పుస్తకంలోకి ఎక్కాలని ఎస్తేరమ్మకు అర్థమయింది. ఆమె చంకలోని కొడుకును పక్కావిడకు ఇచ్చి, కానిస్టేబుల్ చేతి కిందినుంచి దూరి లోపలికి వచ్చింది.

"నా బిడ్డ పేరు రాయి సార్. సలోమి. పదకొండేండ్లు. కూలి."

"చనిపోయినోళ్లను అరెస్టు చేయరమ్మా" అన్నాడు రైటరు మెల్లగా.

"సచ్చినంక దొంగను చేసిన్రు గదా. సచ్చినంక కూలిదాన్ని చెయ్యి."

రైటరు కలం కదలలేదు. ఎస్సై ఆమెను మెడపట్టి గెంటాడు. ఆమె గడపమీద పడింది, లేచింది, మళ్లీ వచ్చి బల్లముందు నిలబడింది. ఈసారి ఒంటరిగా రాలేదు. చెవికి కుట్లు పడ్డ ఎనిమిదేళ్లవాడు ఆమె వెనక ఉన్నాడు. వాడి వెనక వీపుకు కట్టుకట్టిన పిల్ల. ఆ వెనక పందిరి కింద పాడిన పిల్లలందరూ, గుమ్మంలోంచి మెట్లమీదికి, మెట్లమీదినుంచి రోడ్డుమీదికి. లాఠీలు లేచాయి. ముందున్న ఇద్దరి తలలు పగిలాయి. వరుస చెదరలేదు, పడ్డవాళ్లను పక్కకు జరిపి వెనకవాళ్లు ముందుకు వచ్చారు. కొమరయ్య కూడా వచ్చాడు, తన మనవరాలి చెయ్యి పట్టుకుని.

"నేను గూడ స్తంభం గుంజిన" అన్నాడు చెవి తెగినవాడు, గడ్డం బల్ల అంచుకు ఆనించి. "ఎనిమిదేండ్లు. కూలి. రాయి."

"పోరా" అని ఎస్సై అరిచాడు.

పిల్లవాడు పోలేదు. వాడి వెనకనుంచి ఆడపిల్ల గొంతు, ఆమె వెనకనుంచి ఇంకొకటి, తమ పేర్లు చెప్పడం మొదలుపెట్టాయి. పేరు, వయసు, పని. రోడ్డుమీద ఆగిన బస్సులోని వాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి వింటున్నారు.